రంగు కాదు, నేత చూడాలి

గుడ్డ కొనేటప్పుడు మన కన్ను ముందుగా రంగు మీద పడుతుంది, ఆ తరువాత ధర మీద పడుతుంది. నేత మీద పడడం అరుదు. చీర కానీ, లుంగీ కానీ, పిల్లల చొక్కా గుడ్డ కానీ, దుకాణదారు పరచిన వాటిలో నచ్చిన రంగును ఎంచుకుని, బేరమాడి తెచ్చుకుంటాము. నాలుగు ఉతుకులు పడిన తరువాత ఆ గుడ్డ తన అసలు గుణాన్ని బయటపెడుతుంది. అప్పటికి డబ్బు చేయి దాటిపోయి ఉంటుంది.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో స్థిరపడి 24 సంవత్సరాలు గడిచిన మా కుటుంబానికి, ఒక గుడ్డ గుణాన్ని కొనకముందే తెలుసుకోవలసిన అవసరం కిందటి సంవత్సరం కలిగింది. ఇక్కడే పుట్టి పెరిగిన మా పెద్దబ్బాయి, విశ్వవిద్యాలయ పట్టా అందుకునే రోజున కిల్ట్ ధరిస్తానని కోరాడు. కిల్ట్ అంటే స్కాట్లండ్ పురుషులు నడుము నుండి మోకాలి వరకు చుట్టుకునే గళ్ళ ఉన్ని వస్త్రం. దాని ముందు భాగం చదునుగా రెండు పొరలుగా ఉంటుంది. వెనుక భాగమంతా లోతైన కుచ్చిళ్ళు. సంప్రదాయ పద్ధతిలో ఒక్క కిల్ట్‌కు 8 గజాల గుడ్డ పడుతుంది. ఆ గళ్ళ గుడ్డనే టార్టన్ అంటారు. మంచి గుడ్డతో, చేతితో కుట్టించిన కిల్ట్ తండ్రి నుండి కొడుకు చేతికి అందేంత కాలం మన్నుతుంది. దానికి వందల పౌన్లు ఖర్చవుతాయి. మా ఇంటి రాబడికి అది చిన్న మాట కాదు.

మా కుటుంబానికి గుడ్డతో ఉన్న బంధం పాతదే. మాది చీరాల ప్రాంతపు నూర్‌బాషా కుటుంబం. పిల్లల తాతగారు దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవారు. నాయనమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టి ఇచ్చేవారు. ఆ ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డ ‘మద్రాసు రుమాలు’ అనే పేరుతో సముద్రాలు దాటి పశ్చిమ ఆఫ్రికా వరకు వెళ్ళిన కాలం ఉంది. కాబట్టి గళ్ళు మాకు కొత్త కావు. కానీ ఆ పనులేవీ మా తరం చేతికి రాలేదు. చదువులు, ఉద్యోగాలు మమ్మల్ని మరొక దారిన నడిపించాయి. గుడ్డను పట్టి చూసి మంచి చెడ్డ చెప్పగల వేళ్ళు మా ఇంట్లో నాయనమ్మవి మాత్రమే మిగిలాయి. ఆమె చీరాలలో, మేము గ్లాస్గోలో.

పేరు నమూనాకే, నేతకు కాదు

టార్టన్ అనగానే వంశాల పేర్లు, వాటి వెనుక ఉన్న గాథలు వినవస్తాయి. ఆ చరిత్రలో నిజమూ ఉంది, వ్యాపారమూ ఉంది. గళ్ళ ఉన్ని గుడ్డ స్కాట్లండ్‌లో చాలా పాతది. ఫాల్‌కిర్క్ పట్టణం దగ్గర నాణేల కుండతోపాటు దొరికిన 3వ శతాబ్దపు గుడ్డ ముక్కలో, రంగు వేయని రెండు సహజమైన ఉన్ని ఛాయలతోనే గళ్ళు నేసి ఉన్నాయి. గ్లెన్ అఫ్రిక్ లోయలోని బురదనేలలో దొరికిన మరొక ముక్క 16వ శతాబ్దం నాటిదని పరీక్షలలో తేలింది. 2023లో డండీ నగరంలోని వి అండ్ ఎ మ్యూజియంలో దానిని ప్రదర్శించారు. సుమారు 400 సంవత్సరాలకు పైగా తడిలో, చీకటిలో పడి ఉన్నా అందులోని గళ్ళను నేటికీ గుర్తించవచ్చు.

తిరుగుబాటును అణచిన తరువాత బ్రిటిష్ ప్రభుత్వం 1746లో చట్టం చేసి, పర్వత ప్రాంతపు పురుషులు ఈ దుస్తులు ధరించడాన్ని నిషేధించింది. సైన్యంలోని వారికి మాత్రం మినహాయింపు ఉండేది. 1782లో ఆ నిషేధం తొలగిపోయింది. బానక్‌బర్న్‌లోని విల్సన్ కుటుంబపు నేత సంస్థ సైన్యానికి టార్టన్‌ను సరఫరా చేస్తూ, 1819లో తన నమూనాలన్నింటి పోగుల లెక్కలను ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు టార్టన్ ఉత్సవ వేషమైంది. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క నమూనా అనే పద్ధతి బలపడింది ఆ కాలంలోనే.

నేడు ఈ నమూనాలను ప్రభుత్వమే నమోదు చేస్తుంది. 2008లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన టార్టన్ల రిజిస్టరులో పోగుల లెక్క, రంగుల వరుస భద్రపరుస్తారు. వంశాలకే కాదు, ఊళ్ళకు, సంస్థలకు, సమాజాలకు కూడా అందులో నమూనాలున్నాయి. డాక్టర్ అజీమ్ ఇబ్రహీం రూపొందించిన ఇస్లామిక్ టార్టన్ 2012లో అందులో చేరింది. స్కాట్లండ్ పతాకానికి గుర్తుగా నీలం, ఇస్లాంకు గుర్తుగా ఆకుపచ్చ, ఐదు మూలస్తంభాలకు ఐదు తెల్లని గీతలు, ఆరు విశ్వాసాంశాలకు ఆరు బంగారు గీతలు, పవిత్ర కాబాకు గుర్తుగా నల్లని చతురస్రం అందులో ఉన్నాయి. మా అబ్బాయి కోరుకున్నది ఈ నమూనానే. తాను పుట్టిన నేల, తన ఇంటి విశ్వాసం రెండూ ఒకే గుడ్డలో కనిపిస్తాయన్నది వాడి మాట.

అయితే ఒక విషయాన్ని మేము మొదట్లోనే గ్రహించాము. రిజిస్టరు నమోదు చేసేది నమూనాను మాత్రమే. ఆ నమూనాను ఎవరు నేశారు, ఏ దారంతో నేశారు, ఎంత బిగువుగా నేశారు అన్నది అందులో ఉండదు. ఒకే పేరుతో పటిష్ఠమైన ఉన్ని గుడ్డా దొరుకుతుంది, పలచని కృత్రిమ దారపు గుడ్డా దొరుకుతుంది. పేరు చూసి కొంటే పేరే దక్కుతుంది.

అందుకే కొనేముందు రెండు చోట్ల నుండి పూర్తి వెడల్పుతో, అరగజం పొడవున ముక్కలు తెప్పించాము. ఒకటి ఇంటర్నెట్ ద్వారా అమ్మే ఒక దుకాణం పంపింది. రెండవది దక్షిణాన బోర్డర్స్ ప్రాంతంలోని ఒక చిన్న మిల్లు నేసినది. మొదటిదాని రంగులు మెరిసిపోతున్నాయి, ముట్టుకుంటే మెత్తగా ఉంది. రెండవది కాస్త గరుకుగా, బరువుగా ఉంది. దాని ధర మొదటిదానికి దాదాపు మూడింతలు. మేము రెండింటినీ పట్టుకుని, నలభై సంవత్సరాలుగా కిల్టులు కుడుతున్న ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్ళాము. ఆమె మొదటి ముక్కను బల్ల మీద పరచి, పది నిమిషాలలో మడిచి మా చేతికి ఇచ్చేశారు. “ఈ గుడ్డను నేను కోయను. ఎందుకో చెబుతాను, మీరే చూడండి” అన్నారు. ఆ మధ్యాహ్నం ఆమె చూపించినవే ఇక్కడ రాస్తున్నాము.

రెండు పైన, రెండు కింద

ముందుగా టార్టన్ నేత ఎలాంటిదో తెలియాలి. మన లుంగీ గుడ్డలో పేక పోగు ఒక పడుగు పోగు పైనుండి, తరువాతి దాని కిందనుండి సాగుతుంది. టార్టన్‌లో రెండు పోగుల పైనుండి, రెండు పోగుల కిందనుండి సాగుతుంది. తరువాతి పేక ఒక్క పోగు పక్కకు జరిగి అదే నడక నడుస్తుంది. ఇలా ఒక్కొక్క పోగు జరగడం వల్ల గుడ్డ మీద ఏటవాలు గీతలు ఏర్పడతాయి. ఈ జాతి నేతను ట్విల్ అంటారు. జీన్స్ ప్యాంటు గుడ్డ మీద కనిపించే వాలు గీతలూ ఆ జాతివే. కానీ జీన్స్ గుడ్డకు బయట ఒక రంగు, లోపల మరొక రంగు. టార్టన్‌కు రెండు వైపులా ఒకే రూపం, వాలు గీత దిశ మాత్రమే మారుతుంది. తప్పును దాచుకోవడానికి ఈ గుడ్డకు లోపలి వైపు అంటూ లేదు.

ఈ నేతలో పోగులను సాదా నేతలో కంటే దగ్గరగా కూర్చవచ్చు. అందువల్ల గుడ్డ దట్టంగా ఉంటూనే వంగుతుంది. పడుగులో ఏ వరుసలో రంగులు ఉంటాయో పేకలోనూ సాధారణంగా అదే వరుసలో ఉంటాయి. ఒకే రంగు పోగులు కలిసినచోట ఆ రంగు నిండుగా కనిపిస్తుంది. వేరు వేరు రంగులు కలిసినచోట రెండింటి మిశ్రమం పుడుతుంది. ఈ లెక్కన మూడు రంగుల దారం నుండి 6 ఛాయలు, నాలుగు రంగుల నుండి 10, ఐదు రంగుల నుండి 15 ఛాయలు వస్తాయి. ఈ మిశ్రమం సరిగ్గా సగం సగం కావాలంటే అంగుళానికి ఎన్ని పడుగు పోగులు ఉన్నాయో అన్ని పేక పోగులు ఉండాలి. పేక తగ్గితే మిశ్రమం పడుగు రంగు వైపు ఒరిగిపోతుంది. మిల్లు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే సులభంగా తగ్గించగలిగింది ఆ పేకనే.

గడి చతురస్రమేనా?

గళ్ళ వరుస ఒకసారి పూర్తయ్యే కొలతను నేతగాళ్ళు ‘సెట్’ అంటారు. ఆమె మొదటి ముక్క మీద టేపు పెట్టి వెడల్పు దిశలో ఒక సెట్ కొలిచారు. 6 అంగుళాలు. పొడవు దిశలో అదే సెట్ కొలిచారు. ఆరున్నర అంగుళాలు. పోగుల సంఖ్య రెండు దిశలలోనూ ఒకటే అయినా, పేకను గట్టిగా కొట్టక వదులుగా వదిలేయడం వల్ల గళ్ళు పొడవుగా సాగిపోయాయి. కాబాకు గుర్తుగా ఉండవలసిన నల్లని చతురస్రం దీర్ఘచతురస్రం అయింది. మా అబ్బాయి ఆ గడి మీద వేలు పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు.

టేపు లేకపోయినా ఈ తేడాను కనిపెట్టవచ్చు. గుడ్డ మూలను ఏటవాలుగా మడిచి, అడ్డపు అంచును నిలువు అంచు మీద పెట్టాలి. మంచి నేత అయితే మడత గీత వెంట అడ్డగీతలు, నిలువుగీతలు ఒకదానితో ఒకటి తప్పకుండా కలుస్తాయి. లేకపోతే మడత దూరం వెళ్ళేకొద్దీ గీతలు విడిపోతాయి. రెండవ ముక్క మూలను మడిచినప్పుడు తెల్ల గీత తెల్ల గీతతో, బంగారు గీత బంగారు గీతతో చివరి వరకు కలిశాయి.

ఒకచోట కొలిచి ఊరుకోకూడదని ఆమె హెచ్చరించారు. కిల్ట్‌లో గుడ్డ పొడవు నడుము చుట్టూ తిరుగుతుంది. అంటే పడుగు పోగులు అడ్డంగా, పేక పోగులు నిలువుగా వస్తాయి. కుచ్చిళ్ళ మడతలు పేక గీతల వెంటనే పడతాయి. పాతిక ముప్ఫై కుచ్చిళ్ళను మడిచిన తరువాత కూడా, గుడ్డ అసలు మడవనే లేదన్నట్టుగా వెనుక అవే గళ్ళు కనిపించేలా కుట్టడం ఈ పనిలోని నేర్పు. గుడ్డ మొదట్లో సెట్ 6 అంగుళాలు, చివర ఆరుంబావు అంగుళాలు ఉంటే ఒక్కొక్క కుచ్చి లోతు ఒక్కొక్క రకంగా మారుతుంది, గళ్ళు కలవవు. ఎంత నేర్పరి అయినా వదులు నేతను సూదితో సరిచేయలేరు. అందువల్ల గుడ్డ అందగానే మొదట్లో, మధ్యలో, చివర కొలిచి చూడాలి.

మరొక పరీక్ష వెలుతురులో చేస్తారు. గుడ్డను కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే పేక దట్టంగా పడినచోట నల్లని పట్టీ, పలచగా పడినచోట తెల్లని పట్టీ అడ్డంగా కనిపిస్తాయి. మగ్గం ఆగి మళ్ళీ కదిలినచోట ఇలాంటివి ఏర్పడుతుంటాయి. చివరగా గుడ్డ అంచును బల్ల అంచుకు ఆనించి, అడ్డగీత బల్ల రెండవ అంచు వెంట నిటారుగా పోతున్నదా, పక్కకు వాలుతున్నదా అని చూడాలి. వాలిన గుడ్డతో కుట్టిన కుచ్చిళ్ళు మెలిపడి వేలాడతాయి.

అంచు చెప్పే మాట

ఆ సాయంత్రం నాయనమ్మకు వీడియో కాల్‌లో రెండు ముక్కలూ చూపించాము. మొదటిదాని మెరుపు చూసి మెచ్చుకుంటారేమో అనుకున్నాము. ఆమె, “రంగు బాగుందిలే నాయనా, అంచు చూపించు” అన్నారు. మధ్యాహ్నం ఆ పెద్దావిడ కూడా ఎక్కువసేపు చూసింది అంచునే. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు స్త్రీలు రెండు దేశాలలో కూర్చుని ఒకే చోట చూశారు.

కిల్ట్‌కు అడుగున మడిచి కుట్టడం ఉండదు. మడిచి కుడితే కుచ్చిళ్ళ అడుగుభాగం లావెక్కి, అవి చదునుగా కూర్చోవు. గుడ్డ నేత అంచే కిల్ట్ అడుగు అంచు అవుతుంది. అందుకే అది పలచగా, నిటారుగా, గట్టిగా ఉండాలి. నాడె ఇటు నుండి అటు వెళ్ళి తిరిగి వచ్చే మగ్గం మీద పేక పోగు అంచు దగ్గర తెగకుండా మలుపు తిరుగుతుంది. కొన్ని కొత్త యంత్రాల మీద ప్రతి పేకనూ కత్తిరించి, కొసను లోపలికి తోస్తారు. ఆ పని శుభ్రంగా చేస్తే ఫరవాలేదు. లేకపోతే అంచు మందమై, కొసలు బయటికి వచ్చి నూగులాగా కనిపిస్తుంది. మొదటి ముక్క అంచు అలాగే ఉంది. అంచు బిగిసిపోయి గుడ్డను ముడుచుకునేలా లాగినా తప్పే, వదులై అలలాగా ఊగినా తప్పే.

రెండు అంచులూ ఒకదానికొకటి జతపడాలి. టార్టన్ గుడ్డ సాధారణంగా 54 నుండి 60 అంగుళాల వెడల్పున వస్తుంది. 4 గజాలు కొని, పొడవునా మధ్యకు చీల్చి, రెండు సగాలను కలిపితే 8 గజాలు అవుతుంది. అతుకు ఒక కుచ్చి లోపల దాగిపోతుంది. ఎడమ అంచు ఒక సగానికి, కుడి అంచు రెండవ సగానికి అడుగు అవుతాయి. కాబట్టి ఒక అంచు నుండి మొదటి తెల్ల గీత ఎంత దూరంలో ఉందో, రెండవ అంచు నుండి కూడా అంతే దూరంలో ఉండాలి. గుడ్డను మధ్యకు మడిచి అంచు మీద అంచు పెట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది. కలవని గుడ్డతో కుడితే అతుకు దగ్గర గీతలన్నీ మెట్టు దిగినట్టుగా ఉంటాయి.

వెడల్పు విషయంలో మా ఇంటికి ప్రత్యేకంగా ఒక లెక్క ఉంది. కిల్ట్ సాధారణంగా మోకాలిచిప్ప మధ్య వరకు ఉంటుంది. మోకాలు కప్పి ఉండాలన్నది మన ఇళ్ళలోని మర్యాద. మా అబ్బాయి పొడగరి. నడుము నుండి మోకాలు దాటే వరకు 26 అంగుళాలు, నడుము పైన మరో 2 అంగుళాలు కలిపి 28 అంగుళాలు కావాలని ఆమె కొలిచి చెప్పారు. మొదటి గుడ్డ వెడల్పు 54 అంగుళాలు. అందులో సగం 27. ఒక్క అంగుళం తగ్గుతుంది. నేత అంచును వదులుకోకుండా దానిని పెంచే దారి లేదు. రెండవ గుడ్డ 58 అంగుళాలు. సగం 29. ఈ వస్త్రం తమకు కుదరదని అనుకునే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. చాలాసార్లు అడ్డం వచ్చేది ఆచారం కాదు, ఎవరూ ముందుగా కొలిచి చూడని ఒక అంగుళం గుడ్డ.

బరువు, పట్టు, దారం

టార్టన్ బరువును పూర్తి వెడల్పున్న ఒక గజానికి ఔన్సులలో చెబుతారు. 10, 11 ఔన్సులది తేలిక గుడ్డ, 13 ఔన్సులది మధ్యరకం, 16 ఔన్సులది బరువు గుడ్డ. 16 ఔన్సుల గుడ్డ 4 గజాలు తీసుకుంటే దాదాపు 1.8 కిలోలు అవుతుంది. ఇంత బరువెందుకని మేము అడిగాము. కుచ్చిళ్ళను నిలబెట్టేది ఆ బరువేనని ఆమె చెప్పారు. తేలిక గుడ్డ మీద ఇస్త్రీ గీత త్వరగా చెదిరిపోతుంది, గాలికి కిల్ట్ లేస్తుంది. బరువు గుడ్డ కుచ్చిళ్ళు నడిచేటప్పుడు విచ్చుకుని, ఆగగానే తమ చోటికి వస్తాయి.

అయితే బరువు ఒక్కటే గుణం కాదు. వదులు నేతలో లావు దారం వేసినా బరువు వస్తుంది. అందుకు చేతి పరీక్షలు ఉన్నాయి. గుడ్డను పిడికిట్లో గట్టిగా నలిపి, కొద్ది క్షణాల తరువాత వదిలేయాలి. మంచి ఉన్ని గుడ్డ ముడతలు విప్పుకుని లేస్తుంది. మూలలను ఏటవాలుగా పట్టి లాగాలి. బిగువైన నేత కొద్దిగా సాగి, తిరిగి సర్దుకుంటుంది. వదులు నేత సాగిన చోటే ఉండిపోతుంది. రెండు బొటనవేళ్ళతో పోగులను అటూ ఇటూ నెట్టి చూడాలి. పోగులు జరిగి సందు ఏర్పడితే కుట్టు దగ్గర గుడ్డ విచ్చిపోతుంది. కోసిన అంచును గోటితో గీరినప్పుడు పోగులు కుప్పగా రాలకూడదు. మొదటి ముక్క ఈ పరీక్షలలో నిలవలేదు.

ఇక దారం సంగతి. ఉన్నిని రెండు విధాలుగా వడుకుతారు. ఏకిన ఉన్నిలో పొట్టి పీచు, పొడుగు పీచు కలగలిసి అన్ని దిక్కులకూ ఉంటుంది. ఆ దారం మెత్తగా, నూగుగా ఉంటుంది. దుప్పట్లకు, స్వెట్టర్లకు బాగుంటుంది. రెండవ పద్ధతిలో ఉన్నిని దువ్వి పొట్టి పీచును తీసివేసి, పొడుగు పీచును ఒకే దిక్కుగా పేర్చి వడుకుతారు. దీనిని వర్‌స్టెడ్ అంటారు. ఇది నునుపుగా, గట్టిగా ఉండి గీతల అంచులను స్పష్టంగా చూపిస్తుంది. కిల్ట్‌కు కావలసింది ఇదే. నాయనమ్మకు ఈ తేడా చెప్పగానే ఆమె నవ్వి, “మీ తాత ఏకిన దూది పరుపుకు పనికొస్తుంది, పడుగుకు నిలుస్తుందా?” అన్నారు.

మొదటి ముక్క మెత్తదనం ఎక్కడిదో తెలుసుకోవడానికి ఆ పెద్దావిడ ఒక పోగు లాగి పటకారుతో పట్టుకుని నిప్పు చూపించారు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నిప్పు తీయగానే ఆరి, వేళ్ళ మధ్య పొడి అయ్యే నల్లని బూడిద మిగులుతుంది. ఇది కరిగి గట్టి పూసలాగా ముద్దకట్టింది. కృత్రిమ దారం. వేడి ఇస్త్రీకి అలాంటి గుడ్డ మెరుపెక్కి పాడవుతుంది. కృత్రిమ దారమే అయినా ఆ సంగతి చెప్పి అమ్మితే అభ్యంతరం లేదు. తక్కువ డబ్బుతో ఒక్క రోజు వేడుకకు కావలసినవారు దానిని తెలిసే కొనుక్కుంటారు. దుకాణం పంపిన చీటీ మీద మాత్రం ఉన్ని అనే ఉంది. కిలోకు, గజానికి కొలత తగ్గించడమే మోసం అనుకుంటాము. గజాన్ని సరిగ్గా కొలిచి ఇచ్చి, అందులోని పోగును తగ్గించడం, దారం జాతిని మార్చి చెప్పడం కూడా తూనికలో చేసే మోసమే.

తప్పులేని గుడ్డ ఉండదు

రెండవ ముక్కలో లోపాలే లేవని మేము అనడం లేదు. వెలుతురులో చూస్తే ఒకచోట ఒక పోగు తెగితే, సూదితో దాని దారినే మరొక పోగును నడిపించి సరిచేసిన జాడ ఉంది. మిల్లులలో ఇందుకోసమే పనివారు ఉంటారు. మగ్గం దిగిన గుడ్డను బల్ల మీద పరచి, వేళ్ళతో తడిమి, ముడులను, తెగిన పోగులను, దారి తప్పిన పేకను వెతికి సరిచేస్తారు. బాగుచేసిన పోగు తప్పు కాదని, అది ఎవరో ఈ గుడ్డను శ్రద్ధగా చూశారనడానికి సాక్ష్యమని ఆ పెద్దావిడ అన్నారు. బాగుచేయకుండా వదిలేసిన పోగు, గీత వరుసలో పోగుల లెక్క తప్పడం, పొడవునా సాగే అచ్చు గీత, ఈ మూడే గుడ్డను తిరిగి పంపదగిన లోపాలట.

ధర విషయంలో మా ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. మూడింతల ధర పెట్టగలమా అన్నది న్యాయమైన ప్రశ్నే. పిల్లవాడు తాను సెలవు రోజులలో పని చేసి దాచుకున్న డబ్బు ముందు పెట్టాడు. మేము మిగిలినది కలిపాము. ఆ లెక్కలో గుడ్డ ధర ఒక్కటే లేదు. చేతితో ఒక కిల్ట్ కుట్టడానికి ఎన్నో రోజుల పని పడుతుంది. నిలవని గుడ్డ మీద ఆమె చేత అంత పని చేయించడం మాకు సబబుగా తోచలేదు. ఆమె మొదటి గుడ్డను కోయనన్నది తన కూలి పోతుందని కాదు, తన పని నిలవదని.

గుడ్డ నేయించి తెప్పించడానికి కొన్ని వారాలు పట్టింది. అది రాగానే ఆమె 4 గజాలూ బల్ల మీద పరచి, మూడు చోట్ల సెట్ కొలిచారు, అంచు మీద అంచు పెట్టి చూశారు, రెండు వైపులా తడిమారు. అప్పుడే కత్తెర పట్టారు. కోసిన గుడ్డను ఏ మిల్లూ వెనక్కు తీసుకోదు. కాబట్టి చూడవలసినదంతా కత్తెరకు ముందే చూడాలి.

పట్టా ప్రదానోత్సవం సంతోషంగా జరిగింది. మిగిలిన జానెడు ముక్కను నాయనమ్మ కోరగా చీరాలకు పంపాము. ఆమె కొస నుండి ఒక పేక పోగును లాగి, వేళ్ళ మధ్య తిప్పి, మెలిక గట్టిదేనని కబురు చేశారు. మా చిన్నమ్మాయి ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్ళినా ముందుగా గుడ్డ అంచును పట్టుకుంటుంది, మూలను ఏటవాలుగా మడిచి చూస్తుంది. అమ్మేవారు వింతగా చూసినా ఆగదు. ఈ సెలవులలో చీరాల వెళ్ళినప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని, కండె చుట్టడం ఎలాగో చూపించమని అడుగుతానంటోంది.